రెండు కెమెరాలు, ఒక అడ్డుతెర

కెమెరా తీసి బల్ల మీద పెట్టమని నాయన చెప్పి చాలాసేపయింది. వసుధ పెట్టలేదు. పట్టీ మెడలోనే ఉంది. కెమెరా కడుపు దగ్గర వేలాడుతూ ఉంది. దాని మీద ఆమె రెండు చేతులూ ఉన్నాయి.

పుంగనూరులో ఆ ఇంటి నడవలో కుర్చీ వేసి ఉన్నా, కుప్పం నుంచి తెల్లవారే బయలుదేరి వచ్చిన చంద్రశేఖర్ కూర్చోలేదు. చేతిలోని ఫోటోను ఇంకోసారి వెలుగుకు పట్టి చూశాడు. అది ఆయన పెద్దకూతురి పెళ్ళి ఫోటో. జీలకర్ర బెల్లం పెట్టించి, మేనమామ అడ్డుతెర దించుతున్నప్పటిది. పెళ్ళికొడుకు భుజం మీదుగా పెళ్ళికూతురి ముఖం కనిపిస్తోంది. ఆ ముఖం మసక. కళ్ళు ఎక్కడున్నాయో, బొట్టు ఎక్కడుందో తెలియనంత మసక. వెనక వరసలో నిలబడినవాళ్ళు మాత్రం చెవి కమ్మలతో సహా తేటగా ఉన్నారు.

వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయ్యాక నడింటి గోడకు మొదట ఎక్కేది ఆ ఫోటోనే. తెర దిగి, ఒకరినొకరు మొదటిసారి చూసుకున్న ఫోటో. దానికోసం చంద్రశేఖర్ మేకు కూడా కొట్టించి పెట్టుకున్నాడు.

"మళ్ళీ తెర పట్టి మళ్ళీ తీద్దామా వెంకటప్పా? నా బిడ్డ రెండోసారి పెండ్లికూతురు అవుతాదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వసుధ నాయన వెంకటప్పకు సులువుగా ఉండేది. అరిచే మనిషిని సముదాయించడం ఆయనకు తెలుసు.

చంద్రశేఖర్ రెండో కూతురు వెన్నెలను ఈ ఇంటి కొడుకు మునిరాజకు ఇవ్వాలని మాట అనుకొని ఉన్నారు. పౌర్ణమి తరువాత తాంబూలాలు. అందుకే ఆయన డబ్బు వెనక్కి అడగలేదు, వేరేవాళ్ళకు చెప్పుకోలేదు. ఒకే ఒక మాట అడిగాడు. ఇకమీదట ఈ ఇంటి ఆడపిల్ల పెళ్ళిళ్ళలో కెమెరా పట్టకూడదు. మదనపల్లెలో అన్నాచెల్లెళ్ళ స్టూడియోలో కూర్చొని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకుంటే ఎవరూ వద్దనరు. ముహూర్తాల దగ్గర మాత్రం మునిరాజే నిలబడాలి.

వెంకటప్ప సరేనన్నాడు. అన్నాక కూతురి వైపు చూడలేదు. గాటిపాటన కట్టేసిన పొట్టి ఆవుల వైపు చూశాడు.

మునిరాజ స్తంభానికి ఆనుకొని నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. నిన్న సాయంత్రం అతను చెప్పిన మాటే ఈరోజు అందరి నోటా ఉంది. కొత్త కెమెరా బాడీ ఫోకస్ పాతదానికంటే ఎంతో వేగం, అది కన్ను వదిలిపెట్టి పోదు, చెల్లెలి చెయ్యే వణికి ఉంటుంది.

చెయ్యి వణికిందన్న మాట వసుధకు రాత్రంతా చెవిలోనే ఉంది.

ఎప్పుడూ ఆమె పాత బాడీతోనే తీస్తుంది. కొత్తది అన్న మునిరాజది. కుప్పంలో ఆ రోజు డ్రోన్ ఎగరేయడానికి మునిరాజ మిద్దె ఎక్కాల్సి వచ్చి, కొత్త బాడీని ఆఖరి నిమిషంలో చెల్లెలి మెడలో వేశాడు. నువ్వేం పట్టించుకోవద్దు, దానంతట అదే మనిషి కన్ను పట్టుకుంటుంది, నొక్కుతా ఉండు అన్నాడు. ఆమె నొక్కింది. తెర దిగుతుండగానే, పెళ్ళికూతురి కన్ను మీద నిలవాల్సిన ఫోకస్ పచ్చ చదరం చటుక్కున పక్కకు దూకింది. ఆమె వెనక్కి లాగేలోపల తెర పూర్తిగా దిగి అక్షింతలు పడ్డాయి. ఇదంతా చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"నాయనా" అంది వసుధ. చిన్న గొంతు. ఆ ఇంట్లో అందరికంటే చిన్న గొంతు. "ఆ ఫోటో నేను తీసిందే. కాదనను. కానీ నా చెయ్యి వణకలేదు."

"ఇంకా అదే మాట" అంది తల్లి ఆదెమ్మ, వంటింటి గడపలోంచి.

"మాట వద్దులేమ్మా. తెర కడదాం. ఈ నడవలోనే కడదాం. రెండు బాడీలూ పెట్టి, ఒకటే లెన్సు మార్చి మార్చి, మీ కండ్ల ముందరే తీస్తా. తప్పు నా చేతిదే అని తేలితే ఈ పట్టీ నేనే తీసి చంద్రశేఖర్ మామ చేతిలో పెడతా. తేలకపోతే పౌర్ణమి తర్వాత తాంబూలాలకు గూడా నేనే తీస్తా."

మునిరాజ ఫోను చూడడం ఆపాడు.

చంద్రశేఖర్ కాడి కట్టి, నాలుగు చాళ్ళు దున్నించి చూడకుండా ఎద్దును కొనని మనిషి. సంతలో ఎవరెంత పొగిడినా వినడు. ఆ పిల్లను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తరువాత కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"కట్టు పాపా, సూద్దాం" అన్నాడు.

వసుధ మెడలో ఉన్నది కొత్త బాడీ; పాతది మదనపల్లె స్టూడియోలో ఉంది. వసుధ ఫోను చేస్తే, చాందిని దాన్నీ, లైటునూ, లాప్‌టాప్‌నూ సంచిలో వేసుకొని బస్సులో వచ్చింది. చాందినిది పెద్దతిప్పసముద్రం. స్టూడియోలో ఆల్బం పేజీలు పేర్చే పని ఆమెది. పెళ్ళిళ్ళకు మనిషి తక్కువైతే లైటు పట్టుకోవడానికీ వస్తుంది. కుప్పానికీ వచ్చింది. ఇంట్లోకి అడుగుపెట్టి, అందరి ముఖాలూ చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా మూలన బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది.

మునిరాజ అప్పుడు స్తంభం వదిలి ముందుకొచ్చాడు. "అది ఇట్లివ్వు. సెట్టింగులు ఒకసారి సూసిస్తా" అని చెయ్యి చాపాడు.

వసుధ పక్కకు తిరిగింది. "వద్దన్నా. కుప్పంలో ఎట్లుండిందో అట్లే ఉండల్ల."

చాపిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది. తరువాత మెడ గోక్కుంటూ వెనక్కి పోయింది.

ఆదెమ్మ పసుపు చీర ఒకటి తెరగా మారింది. ఒక కొస మునిరాజ, ఒక కొస చంద్రశేఖర్ పట్టుకున్నారు. అటొక ముక్కాలిపీట, ఇటొక ముక్కాలిపీట వేసి, పెళ్ళికొడుకుగా వెంకటప్పను, పెళ్ళికూతురిగా ఆదెమ్మను కూర్చోమంది వసుధ. ఆదెమ్మ చాలాసేపు ససేమిరా అంది. ఈ వయసులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని ఆమె బాధ. చివరికి కొంగు తల మీదికి లాక్కొని కూర్చుంది.

"ఉలక్కుండా కూసో. ఫోటో సెడితే మళ్ళీ నీ కూతుర్నే అంటారు" అన్నాడు వెంకటప్ప తెర ఇవతలి నుంచి.

"నాకేం నేర్పబల్లేదు. ఆ పొద్దు తెర తీసినప్పుడు నేను నిన్నే సూసినా. నువ్వే మా మామ కట్టుకొచ్చిన వాచీ సూస్తాంటివి."

చంద్రశేఖర్ నవ్వు ఆపుకోలేక చీర కొస వదిలేశాడు. మళ్ళీ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా నవ్వింది అదొక్కసారే.

ముందు పాత బాడీ. దాంట్లో ఫోకస్ బిందువును మనమే జరిపి పెట్టాలి. అది తనంతట తాను కన్ను వెతకదు. వసుధ తండ్రి భుజం వెనక మోకాలి మీద కూర్చొని, తల్లి కన్ను ఎక్కడ ఉంటుందో లెక్క చూసుకొని బిందువు పెట్టింది. "వదలండి" అంది. చీర జారింది. లెన్సు లోపల మోటారు చిన్నగా మూలిగింది. షట్టర్ టకటకమంటూ పోయింది.

లాప్‌టాప్‌లో ఆ ఫోటోలన్నీ వరసగా చూశారు. మొదటివాటిలో చీర నేత పోగులు కూడా తేటగా ఉన్నాయి, వెనక ఆదెమ్మ మసక. చీర రొమ్ము దిగింది, నడుము దిగింది. మోకాళ్ళ దగ్గరికి వచ్చాక గాని ఆమె కన్ను తేటపడలేదు. మళ్ళీ తీశారు. మళ్ళీ మోకాళ్ళే.

తరువాత అదే లెన్సుకు, కొత్త బాడీకి సరిపోయేటట్టు, జోడింపు రింగు వేసి తగిలించింది. మోటారు ఈసారి మూలగలేదు, ఒక్కసారి కదిలి ఆగింది. చీర ఆదెమ్మ గడ్డం దాటుతుండగానే పచ్చ చదరం ఆమె కన్ను మీద వాలింది. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. ఎన్నిసార్లు తీసినా గడ్డం దగ్గరే. మోకాళ్ళకూ గడ్డానికీ ఉన్న తేడా ఎంతో ఆవులు మేపుకునే వెంకటప్పకు కూడా చూడగానే తెలిసిపోయింది.

"నేను సెప్పలే?" అన్నాడు మునిరాజ. గొంతులోకి ప్రాణం వచ్చింది. "దూడ ఎగిరి దూకుతాంటే గూడా వదల్లేదు ఇది. కూసోనుండే మనిషిని వదులుతాదా?"

చంద్రశేఖర్ లాప్‌టాప్ దగ్గరికి వంగి ఒక్కొక్కటే చూశాడు. తొందరపడలేదు. "పాపా" అన్నాడు, జాలిగానే. "ఒక్కతూరి గూడా తప్పలేదే ఇది."

వసుధ రెండు బాడీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. పాతది నిదానం, అయినా చెప్పిన చోటికే పోతుంది. కొత్తది రెప్పపాటులో పోతుంది, పోవలసిన చోటు మాత్రం అదే నిర్ణయించుకుంటుంది. ఈ తేడాను నడవలో ఉన్నవాళ్ళకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. వేగం ఒక్కటే వాళ్ళకు కనిపించింది.

"మాటన్నావు గదా. తియ్యి" అన్నాడు వెంకటప్ప. ఆయన గొంతులో కోపం లేదు. ఆ గొడవ త్వరగా అయిపోతే చాలన్న అలసట ఉంది.

ఆమె చెయ్యి పట్టీ దాకా పోయింది. అక్కడ ఆగింది.

"ఇంకొక్కతూరి" అంది.

"ఎన్నితూర్లు?" అన్నాడు మునిరాజ.

"ఆ పొద్దు ఉన్నట్ల లేదన్నా ఈడ. ఏదో తగ్గింది." ఆమె కళ్ళు మూసుకొని కుప్పం మండపాన్ని తెచ్చుకుంది. తెర ఉంది. పీటలు ఉన్నాయి. పెళ్ళికూతురి వెనక ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. వాళ్ళ నడుమ, మనిషెత్తు కర్ర మీద, తెల్లగా వెలుగు. "లైటు. ఆ పొద్దు వెనకాల లైటుండింది."

"పగలే గదా. లైటెందుకు" అన్నాడు మునిరాజ. ఆ మాట మరీ వెంటనే వచ్చింది.

ఆ పొద్దు కూడా పగలే గదా అని వసుధ నోటిదాకా వచ్చింది గాని అనలేదు. చాందిని అప్పటికే లేచి, లైటు తీసుకొని, ఆదెమ్మ వెనక్కి పోయి నిలబడింది. కుప్పంలో నిలబడినట్టే, కుడి భుజం వెనక.

చీర జారింది. పచ్చ చదరం ఆదెమ్మ కన్ను మీదికి వచ్చింది, నిలవలేదు. అక్కడి నుంచి దూకి, చాందిని ముఖం మీద కూర్చుంది.

లైటు వెలుగుకు అట్లా దూకిందేమో. వసుధ లైటు కర్రను గోడకు ఆనించి అక్కడే నిలబెట్టింది. చాందినిని పక్కకు పొమ్మంది. చీర జారింది. చదరం ఆదెమ్మ కన్ను మీద కదలకుండా ఉంది. మళ్ళీ చాందినిని నిలబెట్టింది, ఈసారి లైటు లేకుండా, ఎడమ వైపు. చీర ఇంకా గడ్డం దాటలేదు. చదరం ఎడమ వైపు పోయింది.

తెర పట్టుకున్న ఇద్దరికీ ఇది కనిపించదు. కెమెరా వెనక కన్ను పెట్టిన వసుధకు ఒక్కదానికే కనిపిస్తుంది.

పెళ్ళికి ముందురోజు ఆ స్టూడియోలో చేసే పని ఒకటి ఉంది. పెళ్ళికూతురి ముఖాన్ని, పెళ్ళికొడుకు ముఖాన్ని కొత్త బాడీకి చూపించి లోపల పెట్టుకుంటారు. ఎంత మందలో ఉన్నా అది వాళ్ళ వెంటే పోవాలని. పెళ్ళయ్యాక చెరిపేస్తారు. కుప్పం పెళ్ళికి ఆ పని చేసింది మునిరాజే. లోపల ఎన్ని ముఖాలున్నా, వరసలో మొదట ఉన్న ముఖానికే అది పెద్దపీట వేస్తుంది.

వసుధ తల వంచి మెనూ తెరిచింది. మూడో గడిలో పెళ్ళికొడుకు, రెండో గడిలో చంద్రశేఖర్ పెద్దకూతురు ఇంకా చెరపకుండానే ఉన్నారు. మొదటి గడిలో చాందిని. స్టూడియోలో కాదు, ఎక్కడో ఆరుబయట, గాలికి జుట్టు ముఖం మీద పడుతుంటే, కెమెరా తన వైపు ఉందని తెలియకుండా నవ్వుతూ ఉంది.

వసుధ తలెత్తి అన్నను చూసింది. మునిరాజ చీర కొసను రెండు గుప్పిళ్ళతో పట్టుకొని ఉన్నాడు. తల అడ్డంగా, కనీ కనపడనట్టు, ఒకసారి ఊపాడు. చిన్నప్పుడు పాలకుండ పగలగొట్టి, చెప్పొద్దని ఊపినట్టే.

అయితే అతనికి ముందే తెలుసు. ఆ మసక ఫోటోలో వెనక తేటగా ఉన్నది ఎవరో చూసిన క్షణమే తెలుసు. తెలిసే చెయ్యి వణికిందన్నాడు.

చెప్పేస్తే పట్టీ ఆమెదే. ఒక్క మాట చాలు. ఆ మాటతో వెన్నెల సంబంధం ఈ నడవలోనే విరిగిపోతుంది. రోజూ బస్సులో వచ్చిపోయే చాందిని మీద, ఆమె చేయని పనికి, పుంగనూరు నుంచి పెద్దతిప్పసముద్రం దాకా మాటలు పడతాయి. చెప్పకపోతే ఆ మేకుకు వేలాడే నింద తనది.

"ఏం తేలింది పాపా?" అన్నాడు చంద్రశేఖర్.

"నా చెయ్యి వణకలేదని తేలింది మామా."

"మరి ఏల తప్పింది?"

"అది నేను సెప్పను. తెలిసినోళ్ళు ఈడనే ఉండారు, వాళ్ళు సెప్తారు. నా మీదికి మాత్రం రానియ్యను. సెప్పేదాకా ఈ పట్టీ తియ్యను."

వెంకటప్ప పీట మీది నుంచి లేచాడు. పెద్దమనిషి ముందర ఇంటి పిల్ల ఇట్లా మాట్లాడడం ఆయన ఎన్నడూ వినలేదు. దగ్గరికి వచ్చి పట్టీ మీద చెయ్యి వేశాడు. వసుధ వెనక్కి జరగలేదు. ఆయన కళ్ళలోకే చూసింది.

"తియ్యల్లంటే నీ చేత్తోనే తియ్యి నాయనా. నేను తియ్యను."

ఆ చెయ్యి పట్టీని పట్టుకొని అట్లాగే ఉంది. లాగలేదు. వదల్లేదు.

ఆదెమ్మ భర్తను పేరు పెట్టి పిలిచింది. ఆమె పేరు పెట్టి పిలవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ఆయన చెయ్యి కిందికి దిగింది.

ఈ సందడిలో చాందిని వసుధ పక్కకు ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. కెమెరా వెనక స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. వసుధ అరచేత్తో మూయబోయింది. చాందిని ఆ చేతిని పట్టుకొని పక్కకు తీసింది. మొదటి గడిని చూసింది. రెండో గడిని చూసింది. ఆల్బం పేజీలు పేర్చే పిల్ల, ఆమెకు ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఆమె ముఖంలో సిగ్గు లేదు. భయం లేదు. తన పెట్టె ఎవరో తెరిచి చూశారని తెలిసిన మనిషి ముఖంలా ఉంది.

"నా మొగం దీంట్లో ఏల ఉండాదన్నా?" అంది మునిరాజతో. అందరికీ వినపడేటట్టే అంది. "నన్ను అడిగినావా?"

మునిరాజ చేతిలోంచి చీర జారింది. అవతలి కొస చంద్రశేఖర్ చేతిలోనే ఉండిపోయింది. పసుపు తెర నేల మీద పడ్డాక, కాబోయే మామ, కాబోయే అల్లుడు ఒకరి ముఖం ఒకరు చూస్తూ నిలబడ్డారు.

వసుధ కెమెరా ఎత్తింది. పచ్చ చదరం నేరుగా చాందిని మీదికే పోయింది. వసుధ దాన్ని బొటనవేలితో లాగి, తెచ్చి, అన్న కంటి మీద పెట్టింది. షట్టర్ నొక్కలేదు. అతను నోరు తెరిచేదాకా అక్కడే పట్టుకొని ఉంది.